జనం మధ్య నుంచి పొదల్లోకి: అసాసిన్స్ క్రీడ్ దారి మళ్లిన తీరు

అసాసిన్స్ క్రీడ్ సిరీస్ ఎక్కడ దారి తప్పిందని అడిగితే అభిమానుల దగ్గర ఒక సిద్ధమైన జవాబు ఉంటుంది. 2017లో వచ్చిన ఆరిజిన్స్‌తో అది రోల్ ప్లేయింగ్ గేమ్ అయిపోయిందనీ, మరుసటి ఏడాది ఒడిస్సీలో అసాసిన్ల సంఘం ఊసే లేకుండా పోయిందనీ, ఆ తర్వాత పేరు తప్ప పాత గేమ్ ఏమీ మిగల్లేదనీ అంటారు. ఈ మాట ఒప్పుకోనివాళ్లు, మారకపోతే సిరీస్ అప్పుడే చచ్చిపోయేదనీ, ఆరిజిన్స్ దానికి కొత్త ఊపిరి పోసిందనీ బదులిస్తారు. వాదన ఎంత ముదిరినా, ఇరుపక్షాలూ సరిహద్దు గీత మాత్రం 2017 దగ్గరే గీస్తాయి. ఆ గీత తప్పుచోట పడింది. ఈ సిరీస్‌ను మిగతా గేముల నుంచి వేరు చేసిన గుణం తలమీది ముసుగు కాదు, మణికట్టు కింద దాచిన కత్తి కాదు, చరిత్రలోని నగరాలు కూడా కాదు. నలుగురూ చూస్తుండగానే, ఆ నలుగురిలో ఒకడిగా దాక్కోవడం దాని అసలు గుణం. అది పలచబడటం ఆరిజిన్స్‌కు చాలా ఏళ్ల ముందే మొదలైంది. ఎవరో ఒకరు చేసిన పెద్ద పొరపాటు వల్ల అలా జరగలేదు. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ సబబే అనిపించే దిద్దుబాట్లన్నీ కలిసి ఆ పని చేశాయి.

మొదటి గేమ్ ఎలా పుట్టిందో చూస్తే ఈ మాట స్పష్టమవుతుంది. మన దగ్గర కూడా పీసీల మీద ఎంతోమంది ఆడిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది సాండ్స్ ఆఫ్ టైమ్‌ను యూబీసాఫ్ట్ మాంట్రియల్ స్టూడియో 2003లో తెచ్చింది. దాని సృజన బాధ్యతలు చూసిన పాట్రిస్ డెజిలే తరువాతి భాగాన్ని రాకుమారుడి కథగా కాక, రాకుమారుణ్ని కాపాడే హంతకుడి కథగా మొదలుపెట్టాడు. స్లొవేనియా రచయిత వ్లాదిమిర్ బార్తోల్ 1938లో ప్రచురించిన అలముత్ నవల ప్రభావం దాని మీద ఉంది. చివరికి పర్షియా పేరు వదిలేసి, 2007 నవంబర్‌లో అసాసిన్స్ క్రీడ్‌గా బయటికొచ్చింది. కాలం 1191, మూడో క్రూసేడ్ యుద్ధం. నగరాలు జెరూసలెం, డమాస్కస్, ఏకర్. నాయకుడు ఆల్తాయిర్. ఆ గేమ్‌లో ప్రతి కదలికకూ రెండు రూపాలుండేవి. మామూలుగా నడిస్తే లో ప్రొఫైల్, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే హై ప్రొఫైల్. ఎదురొచ్చిన మనిషిని చేత్తో మెల్లగా పక్కకు జరుపుతూ సాగిపోవచ్చు, లేదా ఢీకొట్టి పరుగు తీయొచ్చు. మొదటిది నెమ్మదైనా ఎవరి కంటా పడనివ్వదు, రెండోది వేగమైనా కాపలాదారుల చూపును మనమీదికి తిప్పుతుంది. తలమీద కుండలు మోసుకెళ్లేవాళ్లకు తగిలితే అవి పగిలి గోల మొదలవుతుంది. చిల్లర అడుగుతూ వెంటపడే బిచ్చగత్తెలు, అకారణంగా నెట్టేసే మతిలేనివాళ్లు అనుకున్న దారిని చెడగొడతారు. కాపలావాళ్ల దౌర్జన్యం నుంచి ఒక పౌరుణ్ని కాపాడితే, తెల్లని అంగీలు వేసుకున్న పండితుల బృందం ఆ వీధిలో తిరుగుతుంది. వాళ్ల మధ్య తల వంచుకుని నడిస్తే కోటగుమ్మం కూడా దాటొచ్చు.

అంటే అక్కడ జనం అలంకారం కాదు. కొండలెక్కే గేమ్‌లో కొండ ఎలాగో, ఈ గేమ్‌లో జనం అలాగ. ఆటగాడికి అడ్డమూ వాళ్లే, ఆశ్రయమూ వాళ్లే. అసాసిన్ల సంఘానికి కథలో మూడు నియమాలున్నాయి. అమాయకుల మీద కత్తి ఎత్తకూడదు, అందరి కళ్లముందే దాగి ఉండాలి, సంఘానికి ముప్పు తేకూడదు. ఇందులో మొదటి రెండూ కథకు మాత్రమే పరిమితం కాలేదు. పౌరుల్ని చంపితే ఆట తెగిపోతుంది. జనంలో కలవకపోతే లక్ష్యం దగ్గరికి చేరడం కష్టమవుతుంది. కథ చెప్పే నీతీ, చేతివేళ్లు చేసే పనీ ఒకటే అయిన గేములు అరుదు. అసాసిన్స్ క్రీడ్ అస్తిత్వం అంటే నేను ఈ ఐక్యతనే ఉద్దేశిస్తున్నాను.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. మొదటి గేమ్ అంత గొప్పదేమీ కాదని, చేసిందే చేయించి విసిగించిందని చాలామంది అన్నారు. అది నిజమే. తొమ్మిదిమంది లక్ష్యాలు, ప్రతి ఒక్కరికీ ముందు అదే పరిశోధన. బెంచీ మీద కూర్చుని మాటలు వినడం, జేబు కొట్టడం, ఒకణ్ని సందులోకి తీసుకెళ్లి తన్ని నిజం రాబట్టడం, బురుజులెక్కడం. ఇవి చాలనట్టు ఏరుకోవడానికి 420 జెండాలు. అయితే ఈ విసుగు ఎక్కడినుంచి వచ్చిందో వేరు చేసి చూడాలి. జనంలో దాక్కోవాలన్న ఆలోచనలో లోపం లేదు, దాని చుట్టూ పేర్చిన పనులు తక్కువై మళ్లీమళ్లీ రావడమే లోపం. 2009లో వచ్చిన రెండో గేమ్ దీన్ని సరిగ్గానే గుర్తించింది. ఫ్లోరెన్స్, వెనిస్ నగరాల్లో ఎట్జియో ఆడిటోరే పండితుల కోసం వెతుక్కోనక్కర్లేదు, నడుస్తున్న ఏ గుంపులోనైనా కలిసిపోవచ్చు. డబ్బిచ్చి వేశ్యల్ని వెంట నడిపించుకోవచ్చు, దొంగల్ని కాపలావాళ్ల మీదికి ఉసిగొల్పవచ్చు. మూల ఆలోచన ఇంకా విస్తరించిన గేమ్ అది. సిరీస్‌లో అత్యుత్తమం అదేనని చెప్పేవాళ్లతో నాకు పేచీ లేదు.

చిక్కల్లా అదే గేమ్‌లో, అంతే మంచి ఉద్దేశంతో వచ్చిన మిగతా మార్పుల్లో ఉంది. ఎట్జియో డబ్బు సంపాదించి మెరుగైన కవచాలు, కత్తులు కొనుక్కోవచ్చు, మందు తాగి గాయాలు మాన్చుకోవచ్చు. 2010లో వచ్చిన బ్రదర్‌హుడ్‌లో ఒకణ్ని చంపాక అదే ఊపులో మరొకణ్ని, ఆ తర్వాత ఇంకొకణ్ని ఒక్కో వేటుతో పడగొట్టే వీలు కల్పించారు. ఈల వేస్తే శిష్యులు దిగివచ్చి శత్రువుల పని పడతారు. పోరాటం మందకొడిగా ఉందన్న ఫిర్యాదుకు ఇవన్నీ సరైన జవాబులే. కానీ పదిమంది కాపలావాళ్లను అర నిమిషంలో కూల్చేయగలిగినవాడు గుంపులో తల దించుకుని ఎందుకు నడవాలి? జనంలో కలిసే సదుపాయాన్ని ఎవరూ తీసేయలేదు. దాని అవసరాన్ని తీసేశారు. చాప కింద నీరులా సాగిన మార్పు ఇది. ఒక సిరీస్ తనతనం కోల్పోవడం ఎక్కువగా ఇలాగే మొదలవుతుంది. పేటెంటులాంటి ఆ లక్షణం మెనూల్లో, ప్రకటనల్లో, ట్యుటోరియల్‌లో కొనసాగుతూనే ఉంటుంది, ఆటగాడి నిర్ణయాల్లోంచి మాత్రం జారిపోతుంది. డెజిలే కూడా 2010లోనే యూబీసాఫ్ట్‌ను వదిలి వెళ్లాడు. కర్త వెళ్లిపోవడమే కారణమని తేల్చేయడం సులువు. కానీ ఈ మార్పుల్లో కొన్ని ఆయన ఉండగా వచ్చినవే.

విచిత్రమేమిటంటే, ఒంటరిగా ఆడే కథలో ఆ ఆలోచన బలహీనపడుతున్న ఏడాదే, అదే బ్రదర్‌హుడ్‌లో అది తన అత్యంత శుద్ధమైన రూపం అందుకుంది. యూబీసాఫ్ట్ ఆనెసీ స్టూడియో ఆ గేమ్‌కు తయారుచేసిన మల్టీప్లేయర్ గురించి మనవాళ్లు తగినంతగా మాట్లాడుకోలేదు. ప్రతి ఆటగాడికీ ఒక వేషం ఇస్తారు. వైద్యుడు, పురోహితుడు, వేశ్య, తలారి. వీధి నిండా అచ్చం అవే వేషాల్లో కంప్యూటర్ నడిపే మనుషులు తిరుగుతుంటారు. తెరమీద నువ్వు చంపాల్సినవాడి బొమ్మ ఉంటుంది, అదే సమయంలో నిన్ను వెతుకుతూ మరొకడు వస్తుంటాడు. ఎవరు నిజం మనిషో, ఎవరు యంత్రమో బట్టలు చూసి చెప్పలేం. పరుగెత్తినా, పైకప్పు ఎక్కినా, ఉన్నట్టుండి వెనక్కి తిరిగినా దొరికిపోయినట్టే. అందుకని మంచి ఆటగాడు యంత్రంలా నడవడం నేర్చుకుంటాడు. అడుగు తొందరపడదు, చూపు తడబడదు, లక్ష్యం పక్కనే వెళ్తున్నా రెండు క్షణాలు ఓపిక పడతాడు. ఎంత నిశ్శబ్దంగా చంపితే అన్ని ఎక్కువ పాయింట్లు. ఆ రోజుల్లో మల్టీప్లేయర్ అంటే తుపాకీ గురి, చేతివేగం. ఇక్కడ గెలిపించేవి సంయమనం, ఎదుటివాడి ప్రవర్తన చదవగల నేర్పు. కత్తి నూరుకోవడం, కవచం పెంచుకోవడం వంటివేవీ ఇక్కడ ఆదుకోవు. మొదటి గేమ్ మొదలుపెట్టిన ఆలోచన చేరుకోవలసిన చోటు ఇదే. ఆ రకం మల్టీప్లేయర్ రెవెలేషన్స్, మూడో గేమ్, బ్లాక్ ఫ్లాగ్ దాకా సాగి, 2014లో వచ్చిన యూనిటీతో ఆగిపోయింది. దాని స్థానంలో నలుగురు మిత్రులు కలిసి ఆడే మిషన్లు వచ్చాయి. అభిమానులు ఒడిస్సీ మీద కురిపించిన కోపంలో పదో వంతు కూడా ఈ నష్టం మీద చూపలేదు.

2012లో వచ్చిన మూడో గేమ్ అమెరికా స్వాతంత్ర్య యుద్ధాన్ని ఎంచుకుంది. బోస్టన్, న్యూయార్క్ ఉన్నా, ఆట హృదయం అడవిలో ఉంది. అక్కడ కలిసిపోవడానికి జనం లేరు, అందుకని పొదలు వచ్చాయి. ఆ మరుసటి ఏడాది బ్లాక్ ఫ్లాగ్ కరిబియన్ సముద్రం మీదికి వెళ్లింది. నాయకుడు ఎడ్వర్డ్ కెన్వే ఒక సముద్రపు దొంగ, చనిపోయిన అసాసిన్ ఒంటిమీది దుస్తులు తీసి తొడుక్కున్నవాడు. ఓడ నడపడం, తుఫానులో ఫిరంగులు పేల్చడం, నావికుల పాటలు, అన్నీ కలిసి అది నిస్సందేహంగా మంచి గేమ్. కానీ అందులో జనంలో దాగే పని ఏ రూపంలో మిగిలిందో చూడండి. ఒకడి వెనక ఇంత దూరంలో నడవాలి, వాడి మాటలు వినాలి, కనిపిస్తే మళ్లీ మొదటికి. ఈ వెంబడించే మిషన్లను విమర్శకులూ ఆటగాళ్లూ ముక్తకంఠంతో తిట్టారు, అందులో అన్యాయం లేదు. ఏళ్ల తరబడి మెరుగుపరచకుండా వదిలేసిన ఆలోచన తన అధ్వాన్నమైన రూపంలో మిగులుతుంది. ఆ రూపాన్ని చూసి జనం అసలు ఆలోచననే అసహ్యించుకుంటారు. తర్వాత దాన్ని తీసేస్తే చప్పట్లు కొడతారు. ఆటగాళ్లు అడిగిందే ఇచ్చామని కంపెనీ చెప్పుకున్నా అది అబద్ధం కాబోదు. అడిగేలా చేసిన నిర్లక్ష్యం ఎవరిదన్నదే ప్రశ్న.

యూనిటీ కథ మరీ బాధ కలిగిస్తుంది. కొత్త తరం కన్సోళ్ల బలంతో, విప్లవకాలపు పారిస్ వీధుల్లో వేలమంది జనాన్ని నింపగలిగిన గేమ్ అది. సాంకేతికంగా మొదటి గేమ్ కలగన్నది అప్పుడు చేతికొచ్చింది. చేతికొచ్చిన వేళ, అదే గేమ్‌లో వంగి నడవడానికి ప్రత్యేకంగా ఒక బటన్ పెట్టారు. వంగి నక్కడం అంటే చూపుకు అందకుండా పోవడం. ఏ స్టెల్త్ గేమ్‌లోనైనా చేసే పనే. నిటారుగా నిలబడి, కనిపిస్తూనే కనిపించకపోవడం ఈ సిరీస్ ఒక్కదానిదే. ఎదురుగా అంత జనసముద్రం ఉన్నా ఆటగాడు గోడల చాటున వంగి నడిచాడు. దానికి తోడు విడుదల రోజున లెక్కలేనన్ని సాంకేతిక లోపాలు. యూబీసాఫ్ట్ క్షమాపణ చెప్పి డెడ్ కింగ్స్ అనే అదనపు కథను అందరికీ ఉచితంగా ఇచ్చింది. మరుసటి ఏడాది లండన్ నేపథ్యంతో సిండికేట్, 2016లో ప్రధాన గేమ్ లేని విరామం, ఆపైన ఆరిజిన్స్. కాబట్టి ఆరిజిన్స్ ఆలోచనను చంపలేదు, అప్పటికే ఊపిరి ఆగినదాన్ని పక్కన పెట్టింది. అక్కడ జనంలో కలిసే సదుపాయమే లేదు. శత్రువు లెవెల్ ఎక్కువైతే దాచిన కత్తి వెనకనుంచి దిగినా చావడు, ప్రాణం కొలిచే గీత కొంత తగ్గుతుందంతే. ఒడిస్సీలో ఆ కత్తి కూడా లేదు, లియొనిదాస్ ఈటె ఉంది. పౌరుల్ని చంపినా ఆట ఆగదు, తలకు వెల కట్టి కిరాయి సైనికులు వస్తారు. మూడు నియమాల్లో మొదటిది ఇలా ఒక జరిమానాగా మారింది.

దీనికి ఎదురుగా చెప్పే మాటల్లో అన్నిటికంటే బలమైనది అమ్మకాల మాట. 2020లో వచ్చిన వల్హల్లా వంద కోట్ల డాలర్ల ఆదాయం దాటింది, సిరీస్‌లో అంత సంపాదించిన గేమ్ లేదు. ఇంతమంది మెచ్చినదాన్ని పతనం అనడం కొద్దిమంది పాతకాపుల అలక అని కొట్టిపారేస్తారు. నేను పతనం అనడం లేదు. వల్హల్లా, ఒడిస్సీ కొన్ని చోట్ల చాలా అందమైన గేములు. ఆరిజిన్స్ పునర్నిర్మించిన ఈజిప్టు అయితే, పోరాటాలు లేకుండా చరిత్ర చూపించే డిస్కవరీ టూర్ రూపంలో చదువుకు కూడా పనికొచ్చింది. కానీ అమ్మకాలు ఒక వస్తువు నచ్చిందని చెప్తాయి, అది ఆ వస్తువేనా అన్న ప్రశ్నకు జవాబు చెప్పవు. పైగా ఈ మార్పుకు ఒక వెల ఉంది. జనంలో దాగే గేమ్‌గా ఉన్నప్పుడు ఈ సిరీస్‌కు పోటీదారులు దాదాపు లేరు. విశాల మైదానాల్లో గుర్రం మీద తిరుగుతూ లెవెళ్లు పెంచుకునే గేమ్‌గా మారగానే 2015 నాటి ది విచర్ 3తో, జపాన్‌కు వెళ్లగానే 2020 నాటి ఘోస్ట్ ఆఫ్ సుషిమాతో పోల్చి కొలుస్తారు. కొలుస్తున్నారు కూడా.

రెండో అభ్యంతరం: మార్పు సహజం, ఏ సిరీస్ అయినా మారక తప్పదు. ఒప్పుకుంటాను. అయితే మారడమూ, తనను తాను పోగొట్టుకోవడమూ ఒకటి కావని మిగతా సిరీస్‌లు చూపించాయి. క్యాప్‌కామ్ వారి రెసిడెంట్ ఈవిల్ 2012 నాటి ఆరో భాగంలో పాత నాయకుల్లో కొందరిని తెచ్చి పెట్టుకుంది, కానీ పేలుళ్ల హోరులో భయం మాయమైంది. 2017 నాటి ఏడో భాగంలో ముఖాలు కొత్తవి, కెమెరా కూడా నాయకుడి కళ్లలోకి మారింది. బయటి రూపం అంతలా ఎన్నడూ మారలేదు. అయినా ఒక పాడుబడ్డ ఇల్లు, చేతిలో చాలీచాలని తూటాలు, తలుపు తీయాలా వద్దా అన్న సందిగ్ధం తిరిగొచ్చాయి, సిరీస్ తిరిగొచ్చింది. నింటెండో వారి జెల్డా కూడా 2017లో బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌తో పాత పద్ధతులెన్నో తెంచేసి, 1986 నాటి మొదటి గేమ్ ఇచ్చిన హద్దులేని స్వేచ్ఛను పట్టుకుంది. మనకు మరీ దగ్గరి ఉదాహరణ హిట్‌మ్యాన్. 2012 నాటి ఆబ్సొల్యూషన్‌లో అది ఇరుకు దారుల్లోకి జారి, 2016లో మళ్లీ జనం నిండిన పెద్ద మందిరాలకు, వేషాలు మార్చి నలుగురిలో కలిసే పనికి వచ్చేసింది. పారిస్ ఫ్యాషన్ షో గుంపులో దాని నాయకుడు ఏజెంట్ 47 దర్జాగా నడిచిపోతుంటే, అది అసాసిన్స్ క్రీడ్ వదిలేసుకున్న ఆస్తి అనిపిస్తుంది. జనంలో దాక్కోవడం పాతబడిన ఆలోచన, ఇప్పుడు ఎవరికీ పట్టదు అనే వాదనకు ఆ గేమూ, 2021 దాకా సాగిన దాని తర్వాతి రెండు భాగాలూ జవాబు.

మరి యూబీసాఫ్ట్ ఎందుకు నిలుపుకోలేకపోయింది? నాకు కనిపించే కారణం తయారీ పద్ధతిలో ఉంది. 2009 నుంచి 2015 దాకా ఏటా ఒక ప్రధాన గేమ్. పని అనేక దేశాల్లోని స్టూడియోల మధ్య పంచుతారు. పడవలు, కోటలు, అదనపు మిషన్లు, మ్యాప్‌లో మరో ప్రాంతం, ఇవన్నీ ముక్కలుగా పంచుకోవడానికి అనువైనవి. ఎవరి ముక్క వాళ్లు చేసి అతికిస్తే సరిపోతుంది. జనం అలా కాదు. గుంపు ఎలా నడవాలి, కాపలావాడు ఎంతసేపు అనుమానించాలి, పోరాటం ఎంత ప్రమాదకరంగా ఉండాలి, వీధి ఎంత వెడల్పుండాలి, ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడినవి. ఒకటి కదిలిస్తే అన్నీ కదులుతాయి. ఏడాదికొకటి తీసే ఒత్తిడిలో ఇలాంటి ముడి విప్పి మళ్లీ వేసే తీరిక ఎవరికీ దొరకదు. పైగా పెద్ద మ్యాప్‌ను ప్రకటనలో చూపొచ్చు, ఇన్ని గంటల ఆట అని చెప్పొచ్చు. మొదటి గేమ్ కథ సుమారు 15 గంటలు, వల్హల్లా కథ సుమారు 60. సాగదీసిన ఆటలో ఎదుగుదల నెమ్మదిగా ఉంటుంది కాబట్టి, ఒడిస్సీ దుకాణంలో అనుభవ పాయింట్లు యాభై శాతం ఎక్కువ వచ్చేలా చేసే వస్తువును అసలు డబ్బుకు అమ్మారు. జనంలో మెల్లగా నడవడాన్ని ఇలా అమ్ముకోవడం కుదరదు.

తిరుగుప్రయాణం ప్రయత్నించలేదని అనలేం. వల్హల్లాలో ముసుగు వేసుకుని గుంపులో కలవడం కొంత తిరిగొచ్చింది. దానికి అదనపు భాగంగా మొదలై 2023లో విడి గేమ్‌గా వచ్చిన మిరాజ్, తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్‌ను ఎంచుకుని చిన్న నిడివి, తక్కువ ధరతో పాతదారి పట్టింది. బాసిమ్ బజార్లో గుంపులో కలుస్తాడు, అపఖ్యాతి పెరిగితే గోడమీది పోస్టర్లు చింపుతాడు. కానీ గుర్తుపెట్టుకున్న శత్రువుల్ని కనురెప్పపాటులో ఒకరి తర్వాత ఒకరిని చంపే శక్తి కూడా అతనికిచ్చారు. పాత పొరపాటే ఇంకోసారి. జపాన్ నేపథ్యంతో, రెండుసార్లు వాయిదా పడి 2025 మార్చి 20న వచ్చిన షాడోస్ ఈ సందిగ్ధాన్ని ఇద్దరు మనుషులుగా చీల్చింది. నావోయే నీడల్లో పాకుతుంది, దీపాలు ఆర్పుతుంది. యసుకే తలుపులు బద్దలుకొట్టి ఎదురు నిలుస్తాడు. నావోయే స్టెల్త్ చాలా నేర్పుగా అల్లినది, సిరీస్‌లో చీకటిని ఇంత బాగా వాడుకున్న గేమ్ లేదు. కానీ చీకట్లో దాక్కోవడం జనంలో దాక్కోవడం కాదు. నింజా గేములకు అది పుట్టుకతో వచ్చిన విద్య, ఈ సిరీస్‌కు అరువు విద్య. మన దేశాన్ని ఈ సిరీస్ ఎలా వాడుకుందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1841 నాటి సిక్కు సామ్రాజ్య నేపథ్యంతో 2016లో వచ్చిన క్రానికల్స్: ఇండియా, పక్కనుంచి చూపే చిన్న గేమ్. కిక్కిరిసిన బజార్లో నడిచే అనుభవానికి అందులో చోటే లేకపోయింది.

2025లో యూబీసాఫ్ట్ ఈ సిరీస్‌ను ఫార్ క్రై, రెయిన్‌బో సిక్స్‌లతో కలిపి ఒక ప్రత్యేక సంస్థ కిందికి తెస్తున్నట్టు, అందులో సుమారు పాతిక శాతం వాటా కోసం టెన్సెంట్ 116 కోట్ల యూరోలు పెడుతున్నట్టు ప్రకటించింది. అంత డబ్బు పెట్టినవాళ్లు పెద్ద మ్యాపులే అడుగుతారని భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు. పెద్ద మ్యాపులు రానివ్వండి. ఒక్క నగరంలో, ఒక్క బజార్లో అయినా జనాన్ని మళ్లీ ఆటలో ప్రధాన వస్తువుగా నిలపమని అభిమానులు అడగాలి. ముసుగూ దాచిన కత్తీ తిరిగొచ్చాయని సంబరపడి ఊరుకుంటే అదే మిగులుతుంది. అన్నిటికంటే ముందు అడగవలసింది ఆనెసీ స్టూడియో చేసిన ఆ మల్టీప్లేయర్‌ను. ఎందుకంటే బ్రదర్‌హుడ్‌లో వచ్చిన రూపంలో దాన్ని ఇప్పుడు కొనుక్కుని కూడా ఆడలేం. బ్రదర్‌హుడ్, రెవెలేషన్స్, మూడో గేమ్‌ల పాత ఆన్‌లైన్ సర్వర్లను యూబీసాఫ్ట్ 2022లో మూసేసింది.